ఏ దేశం రైళ్ళు గొప్పవి? ముందు ఆ పట్టాల మీద ఎవరెవరు నడుస్తున్నారో చూడండి

ప్రశ్న: జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను. సెలవుల్లో స్విట్జర్లాండ్, జపాన్ తిరిగొచ్చాను. డాలస్‌లో అక్కావాళ్ళింటికి వెళ్తే అక్కడ ఊరూరికీ వెళ్ళే రైలే కనపడలేదు. అన్నీ పోల్చి చూస్తే ఎవరి రైల్వే గొప్పది? మన రైళ్ళు టైముకి ఎందుకు రావు? బుల్లెట్ ట్రైనుకి పోసే డబ్బుతో మామూలు రైళ్ళు బాగుచేయొచ్చు కదా?

జవాబు:

మీరు అడిగింది ఒకటి కాదు, మూడు ప్రశ్నలు. బుల్లెట్ ట్రైను సంగతి చివర్లో చెప్తాను. మొదటి రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది.

నేను రైల్వే ఆపరేటింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం సెక్షన్ కంట్రోలర్‌గా గడిచింది. ఏ బండిని ఎక్కడ ఆపాలి, దేన్ని ముందు వదలాలి అని స్టేషన్ మాస్టర్లకు చెప్తూ, చార్టు మీద గీతలు గీసుకుంటూ కూర్చునే పని. అందుకని ఫలానా దేశంలో రైలు 300 స్పీడులో పోతుందట అని ఎవరైనా అంటే, నాకు వెంటనే వచ్చే సందేహం వేరు. దాని ముందు ఏ బండి పోతోంది? దాని వెనక ఏది వస్తోంది? ఒక దేశం రైల్వేకీ ఇంకో దేశం రైల్వేకీ మనకు కనపడే తేడాల్లో చాలావరకు ఈ రెండు ప్రశ్నల దగ్గరే తేలిపోతాయి.

కాజీపేట–విజయవాడ లాంటి లైను తీసుకోండి. బొగ్గు నింపుకున్న గూడ్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. దాని వెనక సూపర్‌ఫాస్టు 110లో వస్తోంది. 100 కిలోమీటర్ల దూరానికి గూడ్సుకి 100 నిమిషాలు పడుతుంది, సూపర్‌ఫాస్టుకి 55 నిమిషాలు. అంటే దారిలో గూడ్సుని అందుకోకుండా ఉండాలంటే ఆ గూడ్సు కనీసం 45 నిమిషాలు ముందు బయల్దేరాలి. అదే అన్నీ 110లో పోయే బండ్లే అయితే, పది నిమిషాలకొకటి చొప్పున ఆ 45 నిమిషాల్లో నాలుగు బండ్లు పంపొచ్చు. వేగాలు వేరైన రెండు బండ్లు ఒకే లైను మీద నడిస్తే నెమ్మది బండి తినేసేది తన చోటొక్కటే కాదు, ఇంకో మూడు నాలుగు బండ్ల చోటు కూడా.

అన్నిసార్లూ 45 నిమిషాల ఖాళీ దొరకదు కాబట్టి గూడ్సుని మధ్యలో ఏదో ఒక స్టేషన్లో లూప్‌లైనులో, అంటే మెయిన్ లైను పక్కన బండి ఆపుకునే లైనులో పెడతాం. లూపులోకి తిరిగే చోట మామూలుగా 30 స్పీడు దాటకూడదు. బండి పొడవు 700 మీటర్లు. దాని తోక మెయిన్ లైను వదిలి పూర్తిగా లోపలికి వచ్చేదాకా వెనక వచ్చే బండికి పచ్చ సిగ్నల్ ఇవ్వడం కుదరదు. సూపర్‌ఫాస్టు దాటిపోయాక ఆ 5 వేల టన్నుల బరువు మళ్ళీ కదిలి స్పీడందుకోవడానికి ఇంకాస్త టైము. ఈ లెక్కలో కంట్రోలర్ రెండు మూడు నిమిషాలు తప్పాడంటే సూపర్‌ఫాస్టు అవుటర్లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర ఆగుతుంది. దాని వెనక ఇంకో ఎక్స్‌ప్రెస్, ఆ వెనక ప్యాసింజరు. అప్పటికి ఎదురు లైనులో ఒక ఇంజను ఫెయిలైందంటే ఆ రోజు ఇక చెప్పనక్కర్లేదు. కిటికీలోంచి చూసేవాళ్ళకు మాత్రం ఊరూపేరూ లేని చోట బండి ఊరికే నిలబెట్టేసినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు జపాన్ సంగతి చూడండి. బుల్లెట్ ట్రైను వాళ్ళు వేగం కోసం కట్టారని అందరూ అనుకుంటారు. 1950లలో టోక్యో–ఒసాకా మధ్య పాత టోకైడో లైను పరిస్థితి అచ్చం ఇవాళ్టి మన గ్రాండ్ ట్రంక్ రూటు (ఢిల్లీ–చెన్నై లైను) పరిస్థితే. దేశం మొత్తం రైలు మార్గంలో 3 శాతం ఉండే ఆ లైను, మొత్తం రద్దీలో దాదాపు నాలుగో వంతు మోసేది. ఎక్స్‌ప్రెస్‌లు, లోకల్స్, గూడ్సులు అన్నీ దాని మీదే. ఇక పట్టదు అన్న దశకు వచ్చింది. పక్కనే ఇంకో రెండు లైన్లు వేసేస్తే సరిపోతుంది కదా అన్నవాళ్ళు చాలామంది. అప్పటి జపాన్ జాతీయ రైల్వే అధ్యక్షుడు షింజి సోగో, చీఫ్ ఇంజనీర్ హిదేవో షిమా ఆ మాట ఒప్పుకోలేదు. పాత లైను గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1067 మిల్లీమీటర్లు. కొత్తది 1435 గేజితో, లెవెల్ క్రాసింగ్ ఒక్కటి కూడా లేకుండా, పాత లైనుతో కలవకుండా విడిగా కట్టాలని పట్టుబట్టారు. ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. ఖర్చు అంచనాకు దాదాపు రెట్టింపైంది. ఆ గొడవలో 1963లో ఇద్దరూ పదవులు వదులుకున్నారు. 1964 అక్టోబర్ 1న మొదటి బండి కదిలేటప్పుడు ఆ ఇద్దరూ ప్రారంభోత్సవంలో లేరు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. ప్రపంచమంతా రైళ్ళ పని అయిపోయింది, ఇక కార్లూ విమానాలే అనుకుంటున్న రోజుల్లో వాళ్ళు చేసిన పని అది.

515 కిలోమీటర్ల ఆ లైను మీద మొదట్లో 4 గంటలు పట్టేది. ఇప్పుడు బాగా వేగంగా పోయే నొజోమి రెండు గంటల 20 నిమిషాల పైచిలుకులో చేరుస్తుంది. 300 స్పీడు కూడా అక్కర్లేదు, 285తోనే. రహస్యం ఏమిటంటే ఆ పట్టాల మీద ఉన్నవన్నీ ఒకే జాతి బండ్లు. ఒకేలా స్పీడందుకుంటాయి, ఒకేలా బ్రేకు వేస్తాయి. ముందున్నది స్టేషన్లో పక్కకు తప్పుకోగానే వెనకది దూసుకుపోతుంది. గూడ్సు అన్నదే లేదు. ఇంకో సంగతి ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆ లైను మీద ప్రయాణికుల బండి ఒక్కటీ నడవదు. ఆ ఆరు గంటలూ ట్రాకు పనివాళ్ళవే. పట్టాలు మార్చడం, కరెంటు వైర్లు చూడడం, అన్నీ అప్పుడే.

మన దగ్గర ఆ ఆరు గంటలు ఎక్కడున్నాయి? పట్టాల పనికి లైన్ బ్లాక్ (ఆ లైను మీద బండ్లు కాసేపు ఆపడం) కావాలని ఇంజనీరింగ్ వాళ్ళు మూడు గంటలు అడిగితే గంటన్నర ఇస్తాం. ఆ గంటన్నరలోనూ చివరి పావుగంట, అయిపోయిందా, ఎప్పుడు వదుల్తారు అని ఫోన్లు చేస్తూనే ఉంటాం. మండు వేసవిలో బల్లార్షా–కాజీపేట సెక్షన్లో కీమ్యాన్ సుత్తి, స్పానర్ భుజాన వేసుకుని తన బీటంతా నడుస్తాడు. వదులైన క్లిప్పుని కొట్టి బిగిస్తాడు, పట్టా ఎండకు వంకర తిరుగుతోందా అని వంగి చూస్తాడు. అదంతా రెండు వైపులా బండ్లు పోతుండగానే. ఒక లైను మీద బండి వస్తోందని తప్పుకుని, రెండో లైను మీద వచ్చే బండి చప్పుడు వినపడక ప్రాణాలు పోగొట్టుకున్న ట్రాక్‌మెన్ ఉన్నారు. వేరే దేశాలతో పోల్చేటప్పుడు సీట్లు, శుభ్రత, వేగం గురించి ఎంత మాట్లాడినా ఫర్వాలేదు. ఈ మనుషులకు పని చేసుకునే టైము ఎవరు ఇస్తున్నారు అన్నది కూడా అందులో ఉండాలని నా కోరిక.

జపాన్‌ని ఎంత మెచ్చుకున్నా ఒక తేదీ మర్చిపోకూడదు. 2005 ఏప్రిల్ 25. ఒసాకా దగ్గర అమగసాకిలో ఒక లోకల్ రైలు మలుపు దగ్గర పట్టాలు తప్పి అపార్ట్‌మెంట్ భవనంలోకి దూసుకుపోయింది. డ్రైవర్‌తో కలిపి 107 మంది చనిపోయారు. 70 స్పీడులో తిరగాల్సిన మలుపులోకి బండి 116లో వెళ్ళింది. ఎందుకంటే ముందు స్టేషన్లో బండి ప్లాట్‌ఫారం దాటి ఆగడం వల్ల ఒకటిన్నర నిమిషం లేటైంది, ఆ లేటు కలుపుకోవాలని డ్రైవర్ ఆత్రపడ్డాడు. లేటైన డ్రైవర్లను శిక్షణ పేరుతో రోజుల తరబడి అవమానించే పద్ధతి అప్పట్లో ఆ కంపెనీలో ఉండేది. బుల్లెట్ ట్రైను లైన్ల మీద బండి పట్టాలు తప్పిగానీ, గుద్దుకునిగానీ ఇన్నేళ్ళలో ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. అదే దేశంలో, టైము పిచ్చి కాస్తా పనిచేసే మనిషికి భయంగా మారిన చోట ఇంత ఘోరం జరిగింది. లోకో పైలట్‌ని టెన్షన్ పెట్టి సాధించే టైము నాకొద్దు. సెకన్లలో టైము పాటించాలంటే ఆ సెకన్లు టైంటేబుల్లో ముందే దాచి ఉంచాలి, డ్రైవర్ నెత్తిన పెట్టకూడదు.

స్విట్జర్లాండ్ నా దృష్టిలో అన్నిటికంటే గొప్ప రైల్వే. వాళ్ళు జపాన్‌లాగా వేరు లైన్లు వేసుకుని గెలవలేదు. గూడ్సులు, లోకల్స్, ఇంటర్‌సిటీలు చాలాచోట్ల ఒకే పట్టాల మీదే నడుస్తాయి. మరి పైన నేను చెప్పిన లెక్క అక్కడ ఎందుకు వర్తించదు? వర్తిస్తుంది. కాకపోతే వాళ్ళ గూడ్సులు గంటకు 100 దాకా పోతాయి, మన బొగ్గు బండ్ల కంటే చాలా తేలిక. పైగా గూడ్సుకి కూడా టైంటేబుల్లో ముందే దారి కేటాయించి ఉంటుంది. మన గూడ్సుకి టైంటేబుల్ లేదు. లోడింగ్ ఎప్పుడైతే అప్పుడు బయల్దేరుతుంది, దారి దొరికినప్పుడు పోతుంది.

వాళ్ళు ఇంకో తమాషా చేశారు. మనం ముందు లైను వేస్తాం, కొత్త బండి ప్రకటిస్తాం, ఆ తర్వాత టైంటేబుల్లో దానికి చోటు వెతుకుతాం. వాళ్ళు ముందు టైంటేబుల్ రాసుకున్నారు. జ్యూరిక్, బెర్న్, బాసెల్ లాంటి పెద్ద జంక్షన్లకు అన్ని దిక్కుల బండ్లూ గంట కొట్టడానికి కాస్త ముందు చేరాలి. జనం ప్లాట్‌ఫారం మారాలి. గంట దాటిన కొద్ది నిమిషాల్లో అన్నీ బయల్దేరాలి. ఇలా ప్రతి గంటకీ. ఇది జరగాలంటే ఒక జంక్షన్ నుంచి ఇంకో జంక్షన్‌కు ప్రయాణం గంటకు కాస్త లోపలే ఉండాలి. జ్యూరిక్–బెర్న్‌కి గంట దాటేది. అందుకని మాట్‌స్టెటెన్–రోట్రిస్ట్ మధ్య 200 స్పీడుకి సరిపడే కొత్త లైను వేశారు. 2004 డిసెంబర్ నుంచి జ్యూరిక్–బెర్న్ 56 నిమిషాలైంది. ఇంకా తగ్గించాలని వాళ్ళు తాపత్రయపడలేదు. 45 నిమిషాల్లో చేరినా, ఆ మిగిలిన టైము జంక్షన్లో తర్వాత బండి కోసం కూర్చోవడానికే పోతుంది కదా. అవసరమైనంత వేగం చాలు అన్నదే వాళ్ళ సూత్రం. 1987లో ఈ పథకం మీద ప్రజల ఓటు జరిగింది. జనం ఒప్పుకున్నారు. 2014లో రైల్వేకి శాశ్వత నిధి పెట్టడానికి మళ్ళీ ఓటేశారు. కొండ మీద పల్లెకు వెళ్ళే పసుపు పచ్చ పోస్టు బస్సు కూడా ఆ రైలు టైముని బట్టే కదులుతుంది.

మీరుండే జర్మనీ సంగతి మీకే బాగా తెలుసు. 2024లో జర్మనీ దూరప్రయాణ రైళ్ళలో టైముకి వచ్చినవి 62.5 శాతం. స్విట్జర్లాండ్‌లో అదే ఏడాది 93 శాతం పైన. జర్మనీలో 6 నిమిషాల లోపు లేటుని లేటు కింద లెక్కపెట్టరు. స్విస్ వాళ్ళు 3 నిమిషాలు దాటితే ఒప్పుకోరు. మన దగ్గర చివరి స్టేషన్‌కి 15 నిమిషాల లోపు చేరితే టైముకి వచ్చినట్టే, మధ్యలో ఊళ్ళల్లో గంట లేటుగా వచ్చినా ఆ లెక్కలో కనపడదు. అందుకనే చివరి స్టేషన్ ముందు టైంటేబుల్లో అదనంగా టైము పెడతారు. పదిహేను నిమిషాల దూరానికి నలభై నిమిషాలు చూపించడం మీరూ గమనించే ఉంటారు. ఇంటర్నెట్‌లో దేశాల శాతాలు పక్కపక్కన పెట్టి పోల్చే పట్టికలు కనపడితే, ఏ దేశం దేన్ని లేటు అంటోందో చూడకుండా వాటిని నమ్మకండి.

అంత ఇంజనీరింగ్ ఉన్న జర్మనీ ఎందుకు జారిపోయింది? 1994లో రెండు జర్మనీల రైల్వేలు కలిపి కంపెనీగా మార్చాక లాభం చూపించాలన్న ఒత్తిడిలో రోజూ వాడని పక్క లైన్లు, పాయింట్లు (బండి లైను మారే చోట్లు) చాలా తీసేశారు. పట్టాల మరమ్మతులు వాయిదా పడ్డాయి. బండ్లు మాత్రం పెరిగాయి. రోజూ వాడని లూపు దండగ అని ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు అనిపిస్తుంది. ఇంజను ఫెయిలైన రోజున ఆ లూపు విలువ కంట్రోలర్‌కి తెలుస్తుంది. చివరికి ఫ్రాంక్‌ఫర్ట్–మాన్‌హైమ్ మధ్య 70 కిలోమీటర్ల లైనుని 2024లో ఐదు నెలలు పూర్తిగా మూసి బాగుచేసుకోవాల్సి వచ్చింది. లేటైన జర్మన్ బండ్లను స్విస్ వాళ్ళు బాసెల్‌లోనే ఆపేసి, అక్కణ్ణుంచి తమ బండి నడుపుకుంటున్నారు, ఆ లేటు తమ దేశం మొత్తానికి అంటకుండా. అయినా జర్మనీ చేసిన ఒక మంచి పని ఉంది. 2023 మే నుంచి నెలకు 49 యూరోల టికెట్టుతో దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సులు, మెట్రోలు ఎక్కనిచ్చారు. తర్వాత రేటు పెంచారు, అయినా ఆలోచన గొప్పది. సికింద్రాబాద్‌లో దిగి రైలుకో టికెట్టు, మెట్రోకో టికెట్టు, బస్సుకో టికెట్టు కొనే మనకు ఇది వెంటనే పనికొస్తుంది.

అమెరికా గురించి మీ అక్కావాళ్ళకు ఇది చెప్పండి. అక్కడ రైల్వే లేక కాదు. దేశమంతా రెండు లక్షల కిలోమీటర్లకు పైగా పట్టాలున్నాయి, కానీ దాదాపు అన్నీ గూడ్సు కంపెనీలవి. సరుకు రవాణాలో వాళ్ళు చాలా గట్టివాళ్ళు. ప్రయాణికుల బండ్లతో నష్టపోతున్నామని ఆ కంపెనీలు చేతులెత్తేస్తే ప్రభుత్వం 1971 మే 1న ఆమ్‌ట్రాక్ అనే ప్రయాణికుల రైలు కంపెనీ మొదలుపెట్టింది. ప్రయాణికుల బండికే ముందు దారి ఇవ్వాలని చట్టం ఉంది. కానీ మూడు కిలోమీటర్ల పొడవున్న గూడ్సు ఎదురొస్తే, అది పట్టే లూపే లేనప్పుడు, ఎవరు పక్కకు తప్పుకుంటారు? చిన్నదైన ప్రయాణికుల బండే. అందుకే డాలస్ నుంచి హ్యూస్టన్‌కి, దాదాపు సికింద్రాబాద్–విజయవాడ అంత దూరానికి, నేరుగా ఒక్క ఆమ్‌ట్రాక్ బండి కూడా లేదు. అదే ఆమ్‌ట్రాక్, పట్టాలు చాలావరకు తన సొంతమైన బోస్టన్–న్యూయార్క్–వాషింగ్టన్ దారిలో చక్కగా నడుస్తుంది. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు మెట్రోపార్క్ స్టేషన్లో రైలెక్కి రోజూ న్యూయార్క్ వెళ్ళొస్తున్నారు. దేశం ఒకటే, పట్టాల యజమాని మారాడంతే. జపాన్‌లో సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ 1987లో జాతీయ రైల్వేని ముక్కలు చేసినప్పుడు పట్టాలు ప్రయాణికుల కంపెనీలకిచ్చారు, గూడ్సు కంపెనీ వాళ్ళకు అద్దె కట్టి నడుపుకుంటుంది.

చైనా గురించి ఎక్కువ చెప్పను. 2008లో బీజింగ్–టియాంజిన్ లైనుతో మొదలై, 2024 చివరికి 48 వేల కిలోమీటర్ల హైస్పీడ్ లైన్లు వేసేశారు. బీజింగ్–షాంఘై 1318 కిలోమీటర్లు నాలుగు గంటల 18 నిమిషాల్లో. ప్రయాణికులు కొత్త లైన్ల మీదికి పోవడంతో పాత లైన్లు గూడ్సులకు ఖాళీ అయ్యాయి. నాకు అందులో నచ్చింది ఇదే. స్టేషన్లు ఊరికి దూరంగా ఉండడం, రైల్వే నెత్తిన లక్షల కోట్ల యువాన్ల అప్పు, ఇవీ ఉన్నాయి. 2011లో వెన్‌జౌ దగ్గర పిడుగుపాటుకి సిగ్నల్ వ్యవస్థ చెడిపోయి రెండు బండ్లు గుద్దుకుని 40 మంది చనిపోయాక వాళ్ళూ వేగం తగ్గించుకుని, 2017లో కానీ మళ్ళీ 350కి పోలేదు.

ఇక మన రైల్వే. ముందు మన గొప్పదనం చెప్పాలి, ఎందుకంటే పోలికల్లో అది ఎప్పుడూ తప్పిపోతుంది. స్విట్జర్లాండ్ తూర్పు నుంచి పడమరకు దాదాపు 350 కిలోమీటర్లు. కాజీపేట మీదుగా సికింద్రాబాద్ నుంచి విజయవాడకి కూడా అంతే. వాళ్ళ దేశం మొత్తం మన ఒక రాత్రి ప్రయాణంలో సగం కూడా కాదు. రాత్రి పడుకుని పొద్దున వేయి కిలోమీటర్ల దూరంలో లేవడం, అదీ కూలి పని చేసుకునేవాళ్ళు కూడా పెట్టుకోగలిగే ఖర్చుతో, ప్రపంచంలో చాలా దేశాల్లో లేదు. జర్మనీ తన స్లీపర్ బండ్లు 2016లో వదిలేసింది, ఆస్ట్రియా వాళ్ళు వాటిని అందుకున్నారు. మన దగ్గర టికెట్టు మీద వచ్చే డబ్బు ఖర్చులో సగానికి కాస్త ఎక్కువ. మిగతాది బొగ్గు, సిమెంటు, ఇనుప ఖనిజం మోసే గూడ్సులే భరిస్తున్నాయి. లూపులో నిలబడి మీ ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చే గూడ్సే మీ టికెట్టులో సగం దాకా కడుతోంది.

మన మెట్రో నగరాలను కలిపే ప్రధాన దారులు మొత్తం రైలు మార్గంలో 16 శాతమే. మొత్తం ట్రాఫిక్‌లో సగానికి పైగా మోసేవి అవే. ఢిల్లీ–చెన్నై, హౌరా–చెన్నై దారులు రెండూ విజయవాడలో కలుస్తాయి. విజయవాడ అవుటర్లో బండి ఎందుకు ఆగుతుందో ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ 2023 జనవరిలో మొదలైంది. 180కి తయారైన బండి. సుమారు 700 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటలు, అంటే సగటున 82. బండిలో లోపం లేదు. ఇరుసుల్లో సగానికి మోటార్లు ఉండడం వల్ల హాల్టు తర్వాత చటుక్కున స్పీడందుకుంటుంది. కానీ పట్టాల మీద దాని ముందు నడిచేవన్నీ పాత బండ్లే.

ఈ తేడా చూడడానికి విదేశాలకు వెళ్ళక్కర్లేదు. హైదరాబాద్‌లో బేగంపేటలో నిలబడితే చాలు. అక్కడ మెట్రో స్టేషనూ ఉంది, ఎంఎంటీఎస్ స్టేషనూ ఉంది. 2017లో వచ్చిన మెట్రో కొన్ని నిమిషాలకొకటి వస్తుంది, ఎందుకంటే దాని పట్టాల మీద వేరే బండి లేదు. 2003లో వచ్చిన ఎంఎంటీఎస్ ముంబై వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌లతో లైను పంచుకుంటుంది. ఎక్స్‌ప్రెస్ లేటైతే లోకల్‌ని ఆపక తప్పదు. ఎంఎంటీఎస్ సిబ్బంది చేతగానివాళ్ళని జనం తిట్టుకుంటుంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది. వాళ్ళ చేతుల్లో ఉన్నది అంతే.

బుల్లెట్ ట్రైను ప్రశ్నకు వస్తాను. ముంబై–అహ్మదాబాద్ లైను 508 కిలోమీటర్లు. మొదటి అంచనా లక్షా 8 వేల కోట్లు. అందులో చాలా భాగం 0.1 శాతం వడ్డీకి, 50 ఏళ్ళ గడువుకి అప్పుగా ఇవ్వడానికి జపాన్ ఒప్పుకుంది. ఆ ప్రాజెక్టు కోసమే ఇచ్చిన అప్పు అది, తెచ్చి జనరల్ బోగీలు కొనలేం. పాత లైను నిండిపోయిన చోట ప్రయాణికులకు వేరు దారి వేయడం టోకైడోలో జరిగిన పనే, కాబట్టి ఆలోచనని నేను తప్పుపట్టను. నాకున్న అభ్యంతరం ఒకటే. దాని గేజి 1435, మనది 1676. ఫ్రాన్స్‌లో 1981లో వచ్చిన హైస్పీడ్ రైలు టీజీవీ కొత్త లైను మీద దూసుకుపోయి, చివర్లో పాత పట్టాల మీదికి దిగి ఊరి మధ్య స్టేషన్‌కే వస్తుంది, మిగతా ఊళ్ళకూ పోతుంది. మనది అలా పోలేదు. స్పెయిన్‌కి ఇదే చిక్కొస్తే చక్రాల గేజి మార్చుకునే బండ్లు తయారుచేసుకున్నారు.

మన తెలుగు రాష్ట్రాలకు నన్నడిగితే బుల్లెట్ ట్రైను కంటే ముందు గూడ్సుకి వేరు దారి కావాలి. లూధియానా నుంచి సోన్‌నగర్ దాకా తూర్పు ఫ్రైట్ కారిడార్ వచ్చాక అక్కడి పాత లైనుకి ఊపిరాడింది. ఖరగ్‌పూర్–విజయవాడ ఫ్రైట్ కారిడార్ ఇంకా ప్రతిపాదనగానే ఉంది. అది రావాలి. బల్లార్షా–కాజీపేట–విజయవాడ–గూడూరు మూడో లైను పనులు ముక్కలు ముక్కలుగా పూర్తవుతున్నాయి. నా భయం అక్కడే. ఒక ముక్క తెరవగానే కొత్త బండి ప్రకటించేస్తారు, పక్క ఊరివాళ్ళు హాల్టు కావాలంటారు. రెండు నిమిషాల హాల్టంటే, 22 కోచ్‌ల బండి ఆగి మళ్ళీ స్పీడందుకునేసరికి అసలు ఖర్చు ఆరేడు నిమిషాలు. ఏడాది తిరిగేసరికి మూడో లైనూ నిండిపోతుంది, మళ్ళీ అవుటర్లో నిలబడతాం.

దానికి బదులు స్విస్ వాళ్ళ పద్ధతిని ఒక్క సెక్షన్లో పెట్టి చూడమంటాను. మూడో లైను కాజీపేట–విజయవాడ మధ్య పూర్తిగా వచ్చాక, సికింద్రాబాద్ నుంచి విజయవాడకి ఉదయం 5 నుంచి రాత్రి 9 దాకా ప్రతి గంటకీ ఒకే నిమిషానికి ఒక బండి. అన్నీ ఒకే రకం, వందే భారత్‌లా ఇరుసులకు మోటార్లున్నవి, కానీ మామూలు టికెట్టు రేటుతో. వరంగల్, ఖమ్మంలో హాల్టు, ఇంకెక్కడా వద్దు. ఖమ్మంలో దిగేసరికి కొత్తగూడెం, భద్రాచలం వైపు బస్సు బయట సిద్ధంగా ఉండాలి. గూడ్సుకి మూడో లైనులో టైంటేబుల్ రాసివ్వాలి. అర్ధరాత్రి దాటాక ఒక లైను మూడు గంటలు ట్రాక్‌మెన్‌కి పూర్తిగా వదిలేయాలి, ఎవరూ ఫోన్ చేసి అడక్కూడదు.